ఇండికేటర్ చప్పుడు

కారు కొన్నాక మా ఆయన దేవదాస్‌కు రెండు పనులు పెరిగాయి. ఒకటి కారు తుడవడం. రెండోది కారు మీద ఫిర్యాదులు చేయడం. మొదటిది పొద్దున ఒక్కసారే, రెండోది పొద్దంతా.

కంపెనీ పేరు ఎందుకులెండి. మూతి పొడుగ్గా, వెనుక పెద్ద డిక్కీతో, ఐదుగురు కాళ్లు చాపుకుని కూర్చునే రకం. మరీ గొప్పవాళ్ల బండి కాదు, మరీ చిన్నదీ కాదు. కరీంనగర్‌లో ఒక డాక్టరు కొన్నాళ్లు వాడి అమ్మితే మేం కొన్నాం. డాక్టరు చేతిలో ఉన్నప్పుడు దానికి ఏ రోగమూ లేదు. మా ఇంటికి వచ్చాకే మొదలయ్యాయి.

ఆ రకం కారున్న వాళ్లందరూ కలిసి ఫోన్లో ఒక గ్రూపు పెట్టుకున్నారు. దాని పేరు ‘మన కారు - మన కష్టాలు’. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా ఉన్న ఓనర్లు అందులో పొద్దుగూకులు మొత్తుకుంటుంటారు. ఒకరికి ఏసీ వేస్తే తడి బట్టల వాసన. ఇంకొకరికి గుంతలో పడితే డ్యాష్‌బోర్డులో కటకట. మరొకాయన వైర్లు ఎలుక కొరికింది. పాటల డబ్బా మాత్రం అందరిదీ సమంగా ఆగిపోతుంది, మాదీ ఆగింది. చప్పుళ్ల సంగతికొస్తే, అందరి మొరా కారు అక్కర్లేని చప్పుడు చేస్తుందనే. మా ఆయన కష్టం దానికి ఉల్టా. ఆయన కారు చేయాల్సిన చప్పుడు చేయడం లేదు.

ఇండికేటర్ వేస్తే టిక్కు టిక్కుమనాలట, అనడం లేదు. బెల్టు పెట్టుకోకపోతే గంట కొట్టాలట, కొట్టడం లేదు. వెనక్కి పోనిస్తే, ఏదైనా అడ్డముంటే బీప్ బీప్‌మని మొత్తుకోవాలట, అదీ లేదు. సర్వీసు సెంటరుకు ఎన్నిసార్లు తిరిగాడో. పోయిన ప్రతిసారీ వాళ్లు చూసి “సౌండ్ వస్తుంది సార్” అనేవారు. చివరికి విసుగొచ్చి అన్ని చప్పుళ్లూ పూర్తిగా పెంచి పంపారు. ఆయన ఇంటికొచ్చి, “దొంగ ముండకొడుకులు, ముట్టుకోకుంటనే తోలిచ్చిండ్రు” అని గ్రూపులో చెప్పుకున్నాడు. రాయడం బద్ధకం కాబట్టి నోటితోనే పంపుతాడు. అది విన్నవాళ్లు ఫోను చెవికి దూరంగా పెట్టుకుంటారని నా అనుమానం.

నాకు కారు సంగతులు పట్టవు. కొన్నాక ఒక్కసారే ఎక్కాను, వేములవాడకు పూజ చేయించడానికి. ఆ రోజు ఆడబిడ్డలూ వాళ్ల పిల్లలూ ఒకరి ఒళ్లో ఒకరు కూర్చుని గుడి దాకా అరుచుకుంటూనే పోయాం. ఆ గోలలో కారు ఏం చప్పుడు చేసిందో రాజన్నకే తెలియాలి.

కారు ఎందుకు కొన్నాడో కూడా చెప్పాలి. మా నవ్యశ్రీ పుట్టినప్పుడు మేం సిరిసిల్లలో ఉండేవాళ్లం. ఆసుపత్రి నుంచి నన్నూ పసిగుడ్డునూ ఇంటికి తీసుకురావడానికి ఆటో దొరకలేదు. ఆయన పనిచేసే కార్ఖానా ఆసామి బట్టల తానులు మోసే ట్రాలీ బండి వెళ్తుంటే ఆపి, తానుల మధ్య నన్ను కూర్చోబెట్టి తెచ్చాడు. నాకైతే ఏమీ అనిపించలేదు, తానులు మెత్తగానే ఉన్నాయి. ఆయనకు మాత్రం అది ముల్లులా దిగింది. “నా బిడ్డ కాన్పుకు నా కార్ల తీసుకొస్త” అని నవ్య పెళ్లినాడే అన్నాడు. ఇప్పుడు నవ్య ఆదిలాబాద్‌లో నిండు నెలలతో ఉంది. మొదటి కాన్పు మా ఇంట్లో. డాక్టరమ్మ ఇప్పుడైతే ప్రయాణం చేయొచ్చని, మెల్లగా తీసుకుపొమ్మని చెప్పింది. మా ఆయన డ్రైవరును కూడా పెట్టుకోనన్నాడు. బిడ్డను తీసుకొచ్చేది తండ్రేనట.

పొద్దున్నే బయల్దేరాం. వెనుక సీట్లో పరుపు, దిండ్లు సర్దాడు. దిండ్లు వెనుక అద్దం దాకా వచ్చాయి. అద్దం మూసుకుపోయిందంటే, “పక్క అద్దాలుంటయి, ఫికర్ జేయకు” అన్నాడు.

కిటికీలు మూసి ఏసీ వేస్తే కారు లోపల అంత నిశ్శబ్దంగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. పాటల డబ్బా ఎలాగూ పనిచేయదు. జగిత్యాల దగ్గర మలుపు తిరుగుతుంటే చప్పుడు వినిపించింది. టిక్కు టిక్కు టిక్కు.

“గీ టిక్కుటిక్కు ఏంది?” అన్నాను.

“ఏ టిక్కుటిక్కు?”

“గదే, ఇప్పుడు వస్తున్నది.”

ఆయన వెంటనే కారు పక్కకు ఆపాడు. దిగి నాలుగు టైర్లూ వంగి వంగి చూశాడు, చక్రంలో రాయి ఇరుక్కుందేమోనని. ఆయన టైర్లు చూస్తున్నంత సేపూ కారులో అది కొట్టుకుంటూనే ఉంది. డ్యాష్‌బోర్డు మీద ఒక పచ్చ బాణం దాంతోపాటే వెలిగి ఆరుతోంది.

ఆయన ఎక్కి తలుపు వేశాడు. “ఏం లేదు. నీకు భ్రమ. దీనికి ఇండికేటర్ సప్పుడే రాదు, టిక్కుటిక్కు యాడికెళ్లి వస్తది?”

నాకు నవ్వు వచ్చింది. ఏదో అందామని నోరు తెరిచాను కూడా. చప్పుడు చెవుల్లో పడుతుండగానే ఆయన ముఖం చూశాను. ఆ ముఖంలో తమాషా లేదు. నిజంగానే చెబుతున్నాడు.

ఇక్కడ మా సిరిసిల్ల సంగతి చెప్పకపోతే మీకు ఇది పట్టదు. మరమగ్గాలను మా దగ్గర సాంచాలంటారు. మా ఆయన మీసాలు రాకముందు కార్ఖానాలోకి పోయి, తల నెరిశాక బయటికి వచ్చాడు. ఆ తర్వాతే కరీంనగర్‌లో బట్టల దుకాణం పెట్టాం. పోగు మోసే నాడె అటూ ఇటూ కొట్టుకునే ఆ మోతలో మనిషి మాట మనిషికి వినబడదు. అందుకే అక్కడ చేతులే మాట్లాడతాయి. రెండు వేళ్లు చూపిస్తే కండెలో నూలు అయిపోయిందని. మెడ మీద చెయ్యేస్తే ఆసామి వస్తున్నాడని. అరచెయ్యి తెరిచి కళ్లకు అడ్డంగా పెడితే సాంచ ఆపమని. అది చూశాక ఎందుకని అడగకూడదు, అటూ ఇటూ చూడకూడదు, ఆపాల్సిందే. ఎవరి వేళ్లో, ఎవరి కొంగో అందులో పడిందని దానికి అర్థం.

నేను బయట అరుగు మీద కండెలు చుట్టేదాన్ని. నవ్య ఉయ్యాల్లో ఏడిస్తే, పని వదిలి ఎత్తుకునే వీలు నాకు లేనప్పుడు, గడపలో నిలబడి రెండు చేతులూ కలిపి ఊపి చూపించేదాన్ని. బిడ్డ ఏడుస్తోంది, వచ్చి ఎత్తుకో అని. ఆయన తల మీద చెయ్యి పెట్టుకునేవాడు. వస్తున్నా అని.

ఆ మోతలోంచి ఇంటికి వచ్చినా గొంతులు తగ్గవు. మా ఇంట్లో ఉప్పు అడిగినా పక్కింటివాళ్లు పంచాయితీ అనుకుంటారు. మాట్లాడేటప్పుడు ముఖాలు చూసుకుని, చేతులూపుతూ మాట్లాడడం మా అందరికీ అలవాటు. అలాంటి ఇంట్లో ఒకరి చెవులు మెల్లమెల్లగా పోతుంటే ఎవరికి తెలుస్తుంది? నాకు తెలియలేదు. ఆయనకూ తెలియలేదు. కారు వచ్చి చెప్పింది, చెప్పినా మేం కారునే తిట్టాం.

అయినా నేను అంత తొందరగా ఒప్పుకోలేదు. మెట్‌పల్లి దాటాక నా బెల్టు మెల్లగా విప్పాను. వెంటనే టింగ్ టింగ్‌మని మొదలైంది. సర్వీసు సెంటరు వాళ్లు పెంచి పంపారు కదా, తల పగిలేలా ఉంది. మా ఆయన ముందుకు చూస్తూ హాయిగా నడుపుతున్నాడు. చాలాసేపటికి ఎర్ర లైటు ఆయన కంట్లో పడింది.

“బెల్టు పెట్టుకో. లైటు వెలుగుతున్నది,” అన్నాడు. “చూసినవా, సప్పుడే లేదు. గిదీ దీని రోగం.”

బెల్టు పెట్టుకున్నాను. ఇంకొకటి మిగిలింది. నేను కిటికీ వైపు తిరిగి, పెదాలు ఆయనకు కనబడకుండా, మామూలు గొంతుతో అడిగాను. మామూలు గొంతంటే బయటివాళ్ల మామూలు. “నవ్యకు ఆడపిల్ల పుడితే ఏం పేరు పెడదాం?”

ఆయనకు ఇష్టమైన మాట అది. రోజుకొక పేరు చెబుతాడు. జవాబు రాలేదు. పత్తి చేలు వెనక్కి పోతున్నాయి. మళ్లీ అడిగాను. రాలేదు. అప్పుడు ఆయన వైపు తిరిగి, మా ఇంటి గొంతుతో అడిగాను.

“కావ్య,” అన్నాడు వెంటనే. “పిలుస్తాంటే నోరు తియ్యగైతది. మల్ల నీ ఇష్టం, నవ్య ఇష్టం.” ఇంకా ఏవేవో చెప్పుకుంటూ పోయాడు. నేను తలూపుతూ కూర్చున్నాను. నాకు భయం వేసింది. నా పక్కన కూర్చుని నాతో మాట్లాడుతున్న మనిషి ఎంతో దూరంలో ఉన్నట్టు అనిపించింది.

నిర్మల్ దాటి గుట్టల మీది ఘాటు ఎక్కుతుంటే వెనుక నుంచి ఒక లారీ హారన్ కొట్టింది. మా ఆయన టక్కున పక్కకు తీశాడు. నా ప్రాణం లేచి వచ్చింది. వినిపిస్తోంది, మరీ చెవిటివాడేం కాదు అనుకున్నాను. కాసేపయ్యాక ఒక మోటరుసైకిలు సన్నగా పీపీమంటూ దారి అడిగింది. అడుగుతూనే ఉంది. మా ఆయన తప్పుకోలేదు. వాడు దాటిపోతూ మా వైపు చూసి ఏదో తిట్టాడు. లావు చప్పుళ్లు ఆయన దాకా వస్తున్నాయి, సన్నవి రావడం లేదు.

ఇదే దారిలో సాయంత్రం బిడ్డను కూర్చోబెట్టుకుని రావాలి. కడుపులో ఇంకొక ప్రాణం. ఆయనకు ఇప్పుడే చెప్పేద్దామా అంటే, ఘాటు మలుపుల్లో స్టీరింగ్ పట్టుకున్న మనిషికి నీ చెవులు పోయాయని ఎలా చెప్పేది?

ఇచ్చోడలో ఆగాం. అక్కడ స్టీఫెన్ అని ఎరువుల దుకాణం అతను ఉన్నాడు. ఆ గ్రూపులోనే పరిచయం. అతనిదీ అదే కారు. మా ఆయన మొర విని విని, “అన్నా, గీ దారిల పోయినప్పుడు జర ఆగు, నేను చూస్త” అని అతనే పిలిచాడు. ముందే ఫోను చేశాం కాబట్టి రోడ్డు మీదే నిలబడి ఉన్నాడు. వాళ్లది మెథడిస్టు చర్చి కుటుంబం, ఆదివారం పాటలు అతనే పాడిస్తాడట. అతని భార్య స్తుతి చాయ్ తెచ్చి, నవ్య కోసమని సీతాఫలాలు సంచిలో పెట్టింది.

స్టీఫెన్ డ్రైవరు సీట్లో కూర్చుని ఇండికేటర్ వేశాడు. నేను పక్క సీట్లోనే ఉన్నాను. మా ఆయన కిటికీలోంచి తల లోపలికి పెట్టాడు.

“వస్తున్నది కదన్నా,” అన్నాడు స్టీఫెన్.

“ఏది? రాలే.”

స్టీఫెన్ అటు వేశాడు, ఇటు వేశాడు. “ఇగో. మంచిగ వస్తున్నది.”

“నువ్వు గూడ షోరూమోని లెక్కనే మాట్లాడవడితివి తమ్మీ,” అన్నాడు మా ఆయన. గొంతులో కోపం ఉంది. “అందరు కలిసి నన్ను పిచ్చోన్ని జేస్తున్నరా?”

స్టీఫెన్ ఆయన ముఖం చూశాడు. తర్వాత నా ముఖం చూశాడు. అతనికి అర్థమైంది. నేను వద్దన్నట్టు తల అడ్డంగా ఊపాను. పరాయి మనిషి ముందర, నడిరోడ్డు మీద, ఆయనకు ఆ సంగతి తెలియడం నాకు ఇష్టం లేదు.

“తక్కువనే వస్తున్నదన్నా,” అన్నాడు స్టీఫెన్ ఇండికేటర్ ఆపి. “మల్లొకసారి చూపించు.”

“గదీ మాట,” అని మా ఆయన శాంతించి ముఖం కడుక్కోవడానికి పోయాడు.

“వదినా, అన్నకు…” అన్నాడు స్టీఫెన్.

“తెలిసింది. పొద్దుగాలనే తెలిసింది,” అన్నాను.

“వచ్చేటప్పుడు అన్నను నడపనియ్యకున్రి. కావాలంటే నేనొస్త ఆదిలాబాద్‌కు.”

“మా అల్లుడున్నడు. ఆయనకు చెప్త.”

చెబుతానని అన్నాను గాని, ఆదిలాబాద్ చేరాక చెప్పే సందు దొరకలేదు. వియ్యపురాలు సత్తమ్మ వదిన మర్యాదలకు పెట్టింది పేరు. తినేదాకా వదలదు, తిన్నాక పడుకోమంటుంది. నవ్య ముఖం నిండుగా ఉంది, కాళ్లు కొంచెం వాచాయి. వాళ్ల బాపును చూడగానే పెద్ద గొంతుతో “బాపూ, వచ్చినవా” అంది. మా ఇంటి పిల్ల కదా, దానికీ అదే గొంతు. ఆయన మురిసిపోయాడు. కారు చూపించాడు, పరుపు చూపించాడు, దిండ్లు చూపించాడు.

అల్లుడు భానుప్రసాద్ చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వస్తే పట్టుకున్నాను. “అల్లుడా, కారు నువ్వు నడుపు. సాయంత్రం చీకటి పడ్తది, మీ మామకు అలసట,” అన్నాను. అసలు మాట చెప్పబోయేలోగా లోపలి నుంచి ఎవరో వచ్చారు. భానుప్రసాద్ మంచివాడు, వెంటనే పోయి మామను అడిగాడు.

“మామా, నేను నడుపుత. రేపు బస్సుల వాపసొస్త.”

మా ఆయన అతని భుజం మీద చెయ్యి వేశాడు. “నువ్వు నడుపుతవు బిడ్డా, నాకెరుకే. కని గీ ఒక్కసారి నన్ను తీసుకపోనియ్యి. దీని కోసమే కొన్న బండి ఇది.”

దానికి ఎవరేమంటారు? భానుప్రసాద్ నా వైపు ఒకసారి చూసి, నవ్య బట్టల సంచులు తేవడానికి పోయాడు. నేను కారులో చెబుతాను అనుకున్నాను. ఊరు దాటకముందే, బిడ్డ ముందరే, ఏమైనా సరే చెప్పేస్తాననుకున్నాను. ఆయన గుండె పగిలినా పర్వాలేదు అనుకున్నాను. కాని ఆ మురిపెం చూస్తుంటే నాకు నోరు రాలేదు, అది నిజం.

వాళ్ల ఇల్లు సందు చివర. కారు వెనక్కి పోనిచ్చి రోడ్డు మీదికి తీయాలి. నవ్య బొట్టు పెట్టించుకుని వెనుక సీట్లో కూర్చుంది. నేను ముందు. భానుప్రసాద్ రోడ్డు వైపు నిలబడి వచ్చే బండ్లను చూస్తున్నాడు. మా ఆయన కారు స్టార్టు చేసి, పక్క అద్దంలోకి మెడ సాచాడు.

అంతలో సత్తమ్మ వదిన గడపలోంచి పిలిచింది. “నవ్యా, స్కానింగ్ కాయిదాల సంచి మరిస్తివి.” నవ్య తలుపు తీసుకుని దిగింది. తలుపు తీసినప్పుడు కారు టుంగు టుంగుమని చెప్పింది. నేను సంచి అందుకోవడానికి చెయ్యి చాపి కూర్చున్నాను. ఆ పిల్ల నా దగ్గరికి రాలేదు, సంచి డిక్కీలో పెడదామని వెనక్కి పోయింది. ఆయన అటు వైపు అద్దంలోనే చూస్తున్నాడు. కారు కదిలింది.

ముందు బీప్ బీప్‌మంది. వెంటనే అది ఆగకుండా ఒకటే కూతగా మారింది. ఇటు వైపు అద్దంలో నాకు నవ్య పసుపుపచ్చ చీర కొంగు కనబడింది. రెండు చేతులతో డిక్కీ పట్టుకుని లేపబోతోంది.

“ఆపు,” అని అరిచాను. “నవ్య ఉన్నది, ఆపు.”

భానుప్రసాద్ అరిచాడు. సత్తమ్మ వదిన అరిచింది. మా ఆయనకు ఆ అరుపులు వినబడ్డాయి. అదే మా ఖర్మ. మా ఇంట్లో అరుపులకు ఎవరూ ఉలికిపడరు. బయల్దేరేటప్పుడు నలుగురూ అరుస్తూనే ఉంటారు, జాగ్రత్త అనో, నీళ్ల సీసా మరిచారనో. “ఆఁ ఆఁ, చూస్తున్న” అంటూ ఆయన ఇంకొంచెం వెనక్కి వదిలాడు.

నేను ఏమీ ఆలోచించలేదు. నా అరచెయ్యి దానంతట అదే లేచింది. ఐదు వేళ్లూ తెరిచి ఆయన కళ్లకు అడ్డంగా పెట్టాను.

కారు ఆగిపోయింది. ఆయన కాలు బ్రేకు మీద బిగుసుకుంది, కుడి చెయ్యి స్టీరింగ్ వదిలి సాంచ ఆపే పిడి ఉండే చోటికి గాలిలోకి పోయింది. ఎందుకని అడగలేదు. అటూ ఇటూ చూడలేదు. చెయ్యి చూశాడు, ఆపాడు.

భానుప్రసాద్ పరుగెత్తుకొచ్చి నవ్యను పక్కకు లాగాడు. బంపర్‌కూ ఆమె మోకాళ్లకూ మధ్య జానెడు జాగా ఉంది. ఆమె అరుగు మీద కూర్చుండిపోయి కడుపు మీద చెయ్యి పెట్టుకుంది. “ఏం కాలే అవ్వా, ఏం కాలే,” అని నాకే ధైర్యం చెప్పింది. సత్తమ్మ వదిన నీళ్లు తాగించింది.

మా ఆయన దిగి వెనక్కి పోయాడు. బంపర్ చూశాడు, బిడ్డను చూశాడు. ఇంజను ఆగిపోయినా గేరు ఇంకా రివర్సులోనే ఉంది కాబట్టి బీప్ మోగుతూనే ఉంది. ఆయన డిక్కీ పక్కన నిలబడి, దాని మీద చెయ్యి పెట్టి, తల వంచి చెవి దానికి దగ్గరగా పెట్టాడు. అందరూ ఆయననే చూస్తున్నారు. ఆ చప్పుడు సందు మొదటి ఇంటిదాకా వినబడుతోంది. నాకు ఏడుపు ఆగలేదు.

తర్వాత ఆయన నా కిటికీ దగ్గరికి వచ్చాడు.

“మొత్తుకున్నదా?” అని అడిగాడు.

“మొత్తుకున్నది.”

“ఇప్పుడు గూడ మొత్తుకుంటున్నదా?”

“ఆఁ.”

“ఇండికేటర్ది?”

“వస్తది. బెల్టుదీ వస్తది. అన్ని వస్తయి. కారుకు ఏం కాలేదయ్యా.”

ఆయన కాసేపు నా పెదాల వైపే చూశాడు, ఇంకా ఏమైనా చెబుతానేమోనని. తర్వాత అటు వైపు పోయి, లోపలికి వంగి ఆ కూత ఆపాడు. తాళంచెవి తీసి భానుప్రసాద్ చేతిలో పెట్టాడు.

నవ్య డాక్టరమ్మకు ఫోను చేసి, కడుపులో పిల్ల కదులుతోందని చెప్పి, ఆమె సరేనన్నాకే బయల్దేరాం. భానుప్రసాద్ నడుపుతున్నాడు. నేను అతని పక్కన. ఆయన వెనుక, బిడ్డ పక్కన. గుడిహత్నూర్ దాటాం. భానుప్రసాద్ ఒక ట్రాక్టరును దాటడానికి ఇండికేటర్ వేశాడు. టిక్కు టిక్కుమంది. నేను వెనక్కి చూడలేదు.

ఇచ్చోడ దగ్గరపడుతుండగా ఆయన ఫోను తీశాడు. స్టీఫెన్ గ్రూపులో పెట్టాడు, అన్నా, క్షేమంగా బయల్దేరారా అని. ఆయన ఫోను నోటి దగ్గర పెట్టుకుని, మునుపటి అంత పెద్ద గొంతుతోనే చెప్పాడు. “అందరికి శనార్థులు. నా కారుల ఏ ప్రాబ్లం లేదు. సర్వీసు పిల్లలను తిట్టిన, మాఫ్ చేయాలె. ఇనవడనిది నాకు.” పంపేసి ఫోను జేబులో పెట్టుకున్నాడు. ఆ తర్వాత ఎవరెవరు ఏం రాశారో చూడలేదు.

“బాపూ, కరీంనగర్ల చెవుల డాక్టరున్నడు. రేపే పోదాం. మంచి మిషన్లు వస్తున్నయి,” అంది నవ్య ఆయన ముఖానికి ముఖం పెట్టి.

“పోదాం బిడ్డా.”

ఘాటు దిగుతున్నాం. ఎదురుగా లారీలు వస్తున్నాయి. ఆయన బయటికి చూస్తూ, ఎవరితోనని కాకుండా అన్నాడు.

“లారీ సప్పుడు ఇనవడ్తది. మీ అవ్వ లొల్లి ఇనవడ్తది. సన్నటియే ఇనవడ్తలేవు.”

నవ్య ఆయన చెయ్యి పట్టుకుంది.

“పసిపిల్ల ఏడుపు సన్నగనే ఉంటది గద,” అన్నాడు. “మీ అవ్వ వంటింట్ల ఉంటది. నువ్వు నిద్రల ఉంటవు. తొట్టెల పక్కన నేనే ఉంటగావచ్చు. పిల్ల ఏడిస్తే నాకెట్ల తెలుస్తది?”

భానుప్రసాద్ రోడ్డు మీద నుంచి కళ్లు తీయలేదు. చెవి మిషన్ వచ్చేది రావచ్చు, పనిచేసేది చేయవచ్చు. అదంతా రేపటి సంగతి. ఆయన అడిగింది ఇప్పుడు.

నేను వెనక్కి తిరగబోతే బెల్టు పట్టేసింది. బెల్టు విప్పేశాను. సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి, ఆయన కళ్లలోకి చూస్తూ, రెండు చేతులూ రొమ్ము దగ్గర కలిపి అటూ ఇటూ ఊపాను. సిరిసిల్ల కార్ఖానా గడపలో నిలబడి చూపించినట్టే.

నవ్యకు అది ఏమిటో తెలియదు. తన కోసమే ఆ సైగ ఎన్నిసార్లు చేశానో దానికి ఎప్పుడూ చెప్పలేదు. అది నా వైపూ వాళ్ల బాపు వైపూ మార్చి మార్చి చూసింది.

ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకోలేదు. మెల్లగా చెయ్యెత్తి తల మీద పెట్టుకున్నాడు.

కారులో గంట టింగ్ టింగ్‌మని మోగుతూనే ఉంది. “అత్తమ్మా, బెల్టు పెట్టుకోండ్రి,” అన్నాడు భానుప్రసాద్. నేను ముందుకు తిరిగి పెట్టుకున్నాను.